గేటు కాసేవాడి మాటకి విలువెంత?

కాపలా మన పేటలకి కొత్త పని కాదు. కళ్లంలో కుప్ప కాసింది మనవాళ్లే. కొబ్బరితోటలు కాసిందీ, చేపల చెరువు గట్టున టార్చిలైటు పట్టుకుని తెల్లవార్లూ తిరిగిందీ మనవాళ్లే. మునసబు గారి వెనకాల కర్ర పట్టుకుని నడిచి, కచేరీ సావిట్లో గోనెసంచి పరుచుకుని పడుకున్నది మన తాతలే. వెట్టివాడన్నారు. కాసిన సొత్తులో ఒక్క గింజ మనది కాదు. ఒక్క గింజ తగ్గితే మాత్రం ముందు అడిగేది మననే.

ఇవ్వాళ ఆ కర్ర పోయి లాఠీ వచ్చింది. గోచీ పోయి నీలం చొక్కా, టోపీ, ఈల వచ్చాయి. పేరు కూడా మారింది, సెక్యూరిటీ అంటున్నారు. తాటిపాక రిఫైనరీ, ఓడలరేవు టెర్మినల్, గాడిమొగ గ్యాసు కేంద్రం, రాజమండ్రి పేపరు మిల్లు, కోనసీమ కొబ్బరితోటల మధ్య ఎక్కడ పడితే అక్కడ ఉన్న ఓఎన్‌జీసీ బావులు. వీటిలో దేని ముందుకి వెళ్లినా గేటు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ఇలాంటి గేట్ల దగ్గర నిలబడ్డవాళ్లలో మా బడిలో పదో తరగతి చదివినవాళ్లున్నారు. డిగ్రీ పాసయ్యి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ సంగతి మేం రాయాల్సి వచ్చింది.

కొన్నేళ్లుగా ఈ గేట్లన్నిట్లో ఆధునికీకరణ అనే మాట వినిపిస్తోంది. కెమెరాలు పెడుతున్నారు. వేలిముద్ర పెడితేగాని తలుపు తెరుచుకోదు. గేటు కర్ర దానంతటదే లేస్తుంది, దిగుతుంది. పైపులైను వెంట నడిచే లైన్‌వాకరు చేతికి జీపీఎస్ యంత్రం ఇచ్చి, ఎంత దూరం నడిచాడో ఎక్కడ కూర్చున్నాడో ఆఫీసులోంచి చూస్తున్నారు. పైపు పక్కన సన్నటి ఫైబరు తీగ పాతితే, దగ్గర్లో ఎవరన్నా గునపం వేసినా కంట్రోలు రూముకి కబురు పోతుంది. పైన డ్రోన్లు తిరుగుతున్నాయి.

మేం యంత్రాలకి వ్యతిరేకం కాదు. తెల్లవార్లూ దోమల్లో నిలబడి కళ్లు కాయలు కాసే పని ఒక కెమెరా చేస్తానంటే మంచిదే. అడిగేది ఒక్కటే. ఇంత ఖర్చుపెట్టి కొన్న కళ్లు ఎటు చూస్తున్నాయి? అన్నీ ఊరి వైపే చూస్తున్నాయి. మరి ప్రమాదం ఎటునుంచి వచ్చింది?

పాశర్లపూడి గుర్తు చేసుకోండి. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావిలోంచి గ్యాసు తన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట 65 రోజులు మండింది. రాత్రుళ్లు దీపాలక్కర్లేని వెలుగు, చెవులు పగిలే హోరు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేసి జనం పిల్లాజెల్లాతో పోయారు. ఆ మంట పెట్టింది బయటివాడు కాదు. గోడ దూకి వచ్చిన దొంగా కాదు.

నగరం గుర్తు చేసుకోండి. అదీ మామిడికుదురు మండలమే. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైను పగిలి ఊరు ఊరంతా అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు, పశువులు, పక్షులు అన్నీ మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటితో, కండెన్సేటుతో కూడిన తడి గ్యాసు పంపారని, లోపల తుప్పు తిని గొట్టం చిల్లులు పడిందని ప్రభుత్వ విచారణలోనే తేలింది. వాసన వస్తోందని, లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు. చెప్పినవాళ్ల మాట ఎక్కడ రాసుకున్నారు? ఎవరు రాసుకున్నారు?

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం గుర్తు చేసుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి ఎటు పరిగెత్తాలో తెలీక రోడ్డుమీద పడిపోయారు. సైరన్లు లేకనా? ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉంది, గేటు దగ్గర కూడా ఉంది, అయినా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది.

గేటు దగ్గర సైరన్ ఉందన్న మాట మరోసారి చదవండి. దేశంలో ఏ కంపెనీ గేటు దగ్గరన్నా రాత్రి మూడు గంటలకి ఉండేది ఎవరు? ఇంజినీరు ఇంట్లో ఉంటాడు. మేనేజరు ఊళ్లోనే ఉండడు. ఉండేది కాపలావాడు. లోపల ఏదన్నా తేడా వస్తే మొదట ముక్కుకి తగిలేది, చెవిన పడేది అతనికే. బయట పేటలో ఎవరికన్నా వాసన తగిలితే వచ్చి చెప్పేదీ అతనికే. ఊరికీ కంపెనీకీ మధ్య నిలబడ్డ మనిషి అతనొక్కడే. ఆ మనిషికి సైరన్ మీట నొక్కే హక్కుందా? నొక్కితే మర్నాడు ఉద్యోగం ఉంటుందా? మన జిల్లాల్లో గేటు కాసే ఏ కుర్రాణ్ణన్నా పక్కకి పిలిచి అడగండి. నవ్వుతాడు.

మా దగ్గర చదువుకున్న పిల్లలు చూపించిన గేటు రిజిస్టర్లలో లారీ నంబరు, డ్రైవరు పేరు, లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, సంతకం, వీటన్నిటికీ గళ్లున్నాయి. వాసన వచ్చిందనో, చప్పుడు తేడాగా ఉందనో, ఊరివాళ్లొచ్చి చెప్పారనో రాయడానికి గడి లేదు. రాయమని ఎవరూ చెప్పలేదు. రాస్తే "నీకెందుకురా ఆ గొడవ, గేటు చూసుకో" అంటారు. ఇప్పుడా కాగితం రిజిస్టరు తీసేసి కంప్యూటరు పెడుతున్నారు. ఆ కంప్యూటర్లో అయినా ఆ గడి పెడతారా? పెట్టకపోతే పాత చిట్టాకే కొత్త అట్ట వేసినట్టు.

అతని మాటకి విలువ ఎందుకు లేదో కూడా చూద్దాం. అతను ఆ కంపెనీ మనిషి కాదు. కంపెనీ ఒక ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చింది. ఏజెన్సీ ఇతన్ని పెట్టుకుంది. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, చొక్కా మీది పేరు మారుతుంది, సర్వీసు మళ్లీ ఒకటో రోజునుంచి మొదలు. అదే గేటు దగ్గర పదేళ్లు నిలబడ్డా అతను నిన్న వచ్చినవాడి కిందే లెక్క. అలాంటివాడు లోపలి తప్పు గురించి నోరెత్తాలంటే ఎంత గుండె ఉండాలి!

ఈ ఏర్పాటు దానంతటది వచ్చింది కాదు. దీనికొక చరిత్ర ఉంది, అది మనకి తెలిసి ఉండాలి. 1970లో కాంట్రాక్టు లేబరు చట్టం వచ్చింది. దాని కింద 1976 డిసెంబరు 9న కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. కేంద్రం అజమాయిషీ కింద ఉన్న సంస్థల భవనాల్లో ఊడవడం, కడగడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం అనే పనులకి కాంట్రాక్టు కూలీల్ని పెట్టకూడదని దాని సారాంశం. 1977 మార్చి 1 నుంచి అమల్లోకి రావాలి. చూశారా, ఊడ్చేవాణ్ణీ కాపలావాణ్ణీ ఒకే వరసలో పెట్టారు. ఆ వరసలో ఉన్నది ఏ పేటలవాళ్లో ఢిల్లీలో ఉన్నవాళ్లకీ తెలుసు.

ఉత్తర్వు వచ్చిందిగానీ సంస్థలు కాంట్రాక్టులు మానలేదు. ఎయిరిండియా కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996లో జస్టిస్ కె. రామస్వామి ధర్మాసనం తీర్పు చెప్పింది. కాంట్రాక్టు రద్దయిన పనిలో ఉన్న కూలీలు ఆ సంస్థ ఉద్యోగులే అవుతారంది. ఆయన మన దళిత బిడ్డే, తెలుగువాడే. ఆ తీర్పు నిలిచి ఉంటే ఇవ్వాళ ఎందరో కాపలావాళ్లకి సర్వీసు పుస్తకం ఉండేది. నిలవలేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పుని పక్కన పెట్టింది. 1976 నాటి ఉత్తర్వుని కూడా కొట్టేసింది.

ఇక తాజా సంగతి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబరు కోడ్లు అమల్లోకి వచ్చాయి. పాత కాంట్రాక్టు లేబరు చట్టం వాటిలో కలిసిపోయింది. కొత్త కోడ్ ఏమంటోందంటే, సంస్థ అసలు పనికి కాంట్రాక్టు కూలీల్ని పెట్టకూడదు. బాగానే ఉంది. మరి అసలు పని కానిది ఏది? దానికో జాబితా ఇచ్చారు. పారిశుధ్యం. కాపలా, సెక్యూరిటీ. క్యాంటీను. ఎగుమతి దిగుమతి కూలి. తోటపని. బట్టలుతకడం. మన పేటల్లో ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ పనికి పోతున్నారో రాసుకొచ్చి జాబితా చేసినట్టుంది! గ్యాసు తీసే చోట, పేలితే ఊళ్లు కాలిపోయే చోట, కాపలా అసలు పని కాదట. మరి అది అసలు పని కానప్పుడు దాని ఆధునికీకరణకి ఇంత డబ్బు ఎందుకు పోస్తున్నట్టు? యంత్రానికొచ్చేసరికి అసలు పని, మనిషికొచ్చేసరికి పైపని అయ్యిందా?

అంబేడ్కర్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. మహారాష్ట్రలో మహర్లు వతన్ పేరుతో ఊరి కాపలా, ప్రభుత్వ చాకిరీ చేసేవారు. పగలని లేదు, రాత్రని లేదు. మగవాడు ఇంట్లో లేకపోతే ఇంట్లో ఇంకొకరు పోవాల్సిందే. దానికి ఇచ్చేది ఇంత చెక్క నేల, ఇంటింటా అడుక్కునే గింజలు. 1928లో బొంబాయి కౌన్సిల్లో ఆయన వతన్ చట్టం సవరించాలని బిల్లు పెట్టాడు. చేసే పని ఏదో రాతలో ఉండాలి, దానికి జీతం ఖాయంగా ఉండాలి అన్నది అందులో ముఖ్యమైన కోరిక. దాదాపు వందేళ్లయింది. కాపలావాడు చేసే పనేంటో రాతలో ఉండాలని, జీతం ఖాయంగా ఉండాలని మేం మళ్లీ అదే అడుగుతున్నాం.

చట్టం ఒకటి ఉంది కూడా. 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేశారు. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపకూడదు. శిక్షణ ఇవ్వకుండా గార్డుని పెట్టకూడదు. ఆ శిక్షణ ఎంతో కేంద్రం 2006లో చేసిన నమూనా నిబంధనల్లో ఉంది. క్లాసులో 100 గంటలు, బయట 60 గంటలు, కనీసం 20 పనిదినాలు. అందులో మంటలార్పడం ఉంది, ప్రథమ చికిత్స ఉంది, ప్రమాదంలో జనాన్ని ఎలా బయటికి పంపాలో ఉంది. పదిహేనుమందికి ఒక సూపర్‌వైజరు ఉండాలి. గార్డుకి ఫొటో గుర్తింపు కార్డు ఇవ్వాలి. జీతాలు, కనీస వేతనాలు, పీఎఫ్ లాంటి వాటి మీద ఉన్న చట్టాలు ఉల్లంఘిస్తే ఏజెన్సీ లైసెన్సు రద్దు చేయొచ్చు. కాగితం మీద ఇంత బాగుంది.

నేల మీద చూడండి. చొక్కాకి, బూట్లకి మొదటి జీతంలోంచి కోత. ఎనిమిది గంటల డ్యూటీ పన్నెండవుతుంది, రిలీవరు రాకపోతే ఇరవై నాలుగు. జీతం చీటీ ఉండదు. తోట మధ్య బావి దగ్గర రేకుల షెడ్డు, తాగడానికి ఇంటినుంచి తెచ్చుకున్న సీసా, మరుగుదొడ్డి మాటే లేదు. ఆడపిల్లల్ని గార్డులుగా తీసుకుంటున్నారు, మంచిదే. రాత్రి డ్యూటీ దిగాక వాళ్లు ఇంటికెలా చేరాలి? నూట అరవై గంటల శిక్షణ సంగతి అడిగితే, "సంతకం పెట్టించుకున్నారు మేస్టారూ" అంటాడు కుర్రాడు. మంట వస్తే ఆర్పే సిలిండరు గోడకి వేలాడుతూ ఉంటుంది. దాని పిన్ను లాగడం ఎవరూ నేర్పలేదు.

అదే కాపలా పని విశాఖ ఉక్కు కర్మాగారంలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేస్తోంది. 1969లో మొదలైన ఆ దళంలో జవానుకి జీతం స్కేలుంది, శిక్షణ ఉంది, సెలవుంది, ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ ఉంది. ఏజెన్సీ గార్డుకి వీటిలో ఒక్కటీ లేదు. ప్రభుత్వరంగ సంస్థలు చాలాచోట్ల మాజీ సైనికుల ఏజెన్సీలకి కాంట్రాక్టు ఇస్తాయి. సైనికులంటే మాకు గౌరవమే, మన పేటల్లోంచి మిలట్రీకి పోయినవాళ్లూ ఉన్నారు. కానీ సైన్యం భర్తీలో ఎస్సీలకి రిజర్వేషన్ లేదు. అక్కడ లేనిది, అక్కణ్ణుంచి వచ్చే ఉద్యోగాల్లో ఎలా ఉంటుంది?

ఇప్పుడు యంత్రాలొచ్చాక ఇంకో చీలిక వస్తోంది. కెమెరాలన్నీ ఒక చల్లటి గదిలో తెరల మీద కనిపిస్తాయి. ఆ గదిలో కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చునేవాడికి కంప్యూటరు రావాలి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి. వాడు బయటినుంచి వస్తాడు. మన పిల్లవాడు ఎండలో గేటు దగ్గరే ఉంటాడు, ఇప్పుడు అతన్ని కూడా ఆ కెమెరా చూస్తూ ఉంటుంది. ఇదివరకు నలుగురు నిలబడేచోట ఇద్దరు చాలంటారు. ఐటీఐలు, పాలిటెక్నిక్కులు చదివి ఖాళీగా కూర్చున్న మన పిల్లలకి ఆ కుర్చీ పని రాదా? నేర్పితే నెల రోజుల్లో వస్తుంది. నేర్పాలన్న ఉద్దేశం ఉండాలి.

దొంగతనాలు జరగడం లేదా అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. జరుగుతున్నాయి. కండెన్సేటు, డీజిలు, ఇనుము పోతూనే ఉన్నాయి. దొంగని పట్టుకోవాల్సిందే. కానీ పోయిన ప్రతిసారీ పోలీసు జీపు ముందు పేటలోకి ఎందుకొస్తుంది? ట్యాంకరు సొంతదారు ఇంటికి ముందు ఎందుకు పోదు? పైపుకి చిల్లు పెట్టినవాడికి పదేళ్ల దాకా కఠిన శిక్ష వేసేలా 2011లో పైపులైన్ల చట్టాన్ని గట్టి చేశారు. చెయ్యండి. తుప్పు పట్టి పైపు దానంతటదే చిల్లు పడితే, చెప్పినా వినకపోతే, ఆ అధికారికి ఎంత శిక్షో కూడా అంత గట్టిగా రాయండి. ఇంకొకటి. పైపు వేసిన భూమి సొంతదారుకి వాడకం హక్కు కింద చట్టప్రకారం నష్టపరిహారం వస్తుంది. పక్కనే సెంటు స్థలంలో గుడిసె వేసుకున్నవాడికి ఏమీ రాదు. భూమి లేనివాడికి పైపు వల్ల వచ్చేది వాసనొక్కటే.

అంచేత ఆధునికీకరణ అంటే ఏంటో మనం చెప్పాలి. మేం అడిగేవి ఇవి.

ఒకటి. ప్రతి గేటు రిజిస్టర్లో, ప్రతి కంప్యూటర్లో ప్రమాద సూచన రాసే గడి ఉండాలి. గార్డు రాసినా, ఊరివాళ్లు రాయించినా దానికి రసీదు ఇవ్వాలి. ఎన్ని గంటల్లో ఎవరు వచ్చి చూశారో కింద రాయాలి. అనుమానం వస్తే సైరన్ మోగించే అధికారం గార్డుకి రాతపూర్వకంగా ఇవ్వాలి. అది పొరపాటని తేలినా అతని ఉద్యోగం జోలికి పోకూడదు.

రెండు. సైరన్ పేటకి కూడా వినపడాలి. మోగితే ఎటు పోవాలో, పొయ్యి వెలిగించకూడదని, కరెంటు స్విచ్చి ముట్టుకోకూడదని, గాలి ఏ వైపు వీస్తోందో చూసుకోవాలని తెలుగులో చెప్పాలి, రిహార్సలు చేయించాలి. ప్రమాదకర రసాయనాలున్న సంస్థలు చుట్టుపక్కల జనానికి ఈ సంగతులు చెప్పి తీరాలని 1989 నాటి నిబంధనల్లోనే ఉంది. మనకి చెప్పారా?

మూడు. 160 గంటల శిక్షణ నిజంగా జరగాలి. అమలాపురం, రాజోలు, నరసాపురం, కాకినాడ, రాజమండ్రిలో ఉచితంగా ఇవ్వాలి, ఆ రోజులకి కూలి కట్టివ్వాలి. కంట్రోలు రూము పనికి స్థానిక ఎస్సీ ఎస్టీ పిల్లల్ని, ఆడపిల్లల్ని తీసుకోవాలి.

నాలుగు. ఏజెన్సీ మారినా మనిషి మారకూడదు, సర్వీసు తెగకూడదు. జీతం చీటీ, పీఎఫ్ నంబరు, వారం సెలవు, గేటు దగ్గర నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి.

అయిదు. చమురు, గ్యాసు, రసాయనాలు, గనులు ఉన్నచోట కాపలా అసలు పనే అని కోడ్ మార్చాలి. నేరుగా నియమించాలి, రిజర్వేషన్ అమలు చెయ్యాలి.

ఇవి ఢిల్లీ దాకా పోవాలంటే పని ఊళ్లో మొదలవ్వాలి. ప్రతి మండలంలో మన కార్యకర్తలు ఏ బావి దగ్గర, ఏ గేటు దగ్గర ఎవరు కాస్తున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు, ఎన్ని గంటల డ్యూటీ, చేతికొచ్చే జీతం. ఓఎన్‌జీసీ, గెయిల్ ప్రభుత్వరంగ సంస్థలు, సమాచార హక్కు చట్టం వాటికి వర్తిస్తుంది. కాంట్రాక్టు షరతుల కాపీ, శిక్షణ రికార్డు, ఊరికి సంబంధించిన ప్రమాద నివారణ ప్లాను అడుగుతూ దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు. రాయడం రాకపోతే మీ ఊరి బడి మేస్టారుని అడగండి, రాసిపెడతాం.

గార్డు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మీరు ఆ చొక్కా వేసుకోగానే పేటనుంచి వచ్చినవాణ్ణి "ఏయ్, పక్కకి పో" అనమని మీకు నేర్పుతారు. మీ అమ్మ వయసామె వచ్చి గ్యాసు వాసన వస్తోంది బాబూ అంటే ఆ మాట రాసుకోండి. గడి లేకపోతే అంచు మీద రాయండి. తేదీ, టైము వెయ్యండి. రేపు ఏదన్నా జరిగితే, ఎవరూ చెప్పలేదని లోపలున్నవాళ్లు అనకుండా చేసేది ఆ ఒక్క వాక్యమే.